పేరు మనది, కలం ఎవరిది?

మన వాడల్లో ఒక్కో మనిషికి ఎన్ని పేర్లున్నాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి. అమ్మ పెట్టిన పేరు ఒకటి. ఊరు పిలిచే పేరు ఇంకొకటి. బడి రిజిస్టర్‌లో పంతులు రాసింది ఒకటి, భూమి పాస్‌బుక్కులో ఒకటి, రేషన్ కార్డులో ఒకటి, ఆధార్‌లో ఒకటి. చర్చికి పోయేటోళ్లకు బాప్తిస్మం పేరు అదనం. మనిషి ఒక్కడే, కాగితాల్లో మాత్రం ఆరుగురు. ఈ ఆరుగురిలో నువ్వెవరివని ఆఫీసులో గుమాస్తా అడిగిన రోజున పింఛను ఆగుతుంది, స్కాలర్‌షిప్ ఆగుతుంది, అసైన్డ్ భూమి చేజారుతుంది.

ఈ పేర్లలో మన చేత్తో మనం రాసుకున్నవి ఎన్ని? ఆలోచించండి. నిన్నటిదాకా కలం మన చేతిలో లేదు. కరణం రాశాడు, పట్వారీ రాశాడు, పంతులు రాశాడు. వాళ్లకు తోచింది రాశారు. ఇవ్వాళ ఆ రాత మార్చమని అడిగితే మాత్రం సర్కారు మనల్నే రుజువులు తెమ్మంటోంది, కోర్టుకు పొమ్మంటోంది. పేరు మార్పు అనేది సినిమావాళ్లకో జ్యోతిష్యుణ్ణి నమ్మేటోళ్లకో సంబంధించిన వ్యవహారమని మనలో చాలామంది అనుకుంటారు. మేమంటున్నాం, ఇది మన భూమి సమస్య, మన చదువు సమస్య, అన్నిటికీ మించి మన ఆత్మగౌరవ సమస్య.

పేర్ల పంపకం ఎవరు చేశారు?

మనుధర్మశాస్త్రం రెండో అధ్యాయంలోనే పేర్ల పంపకం ఉంది. బ్రాహ్మణుడి పేరులో మంగళం ఉండాలట, క్షత్రియుడి పేరులో బలం, వైశ్యుడి పేరులో ధనం. శూద్రుడి పేరు మాత్రం వింటేనే రోత పుట్టేటట్టు ఉండాలట. నాలుగు వర్ణాల బయట నిలబెట్టిన మనకైతే ఆ పంపకంలో రోత పేరు కూడా దక్కలేదు.

మనువు రాసింది ఊళ్లో ఎట్లా అమలైందో మనకు తెలియంది కాదు. అరవై ఏళ్ల ముసలాయన్ని పదేళ్ల దొర కొడుకు 'ఒరే పుల్లిగా' అని పిలిచిన ఊళ్లు మనవి. ఊరి నడుమ ఉన్నోడు పుల్లయ్య అయితే పుల్లయ్యగారు. వాడలో ఉన్నోడు పుల్లయ్య అయితే పుల్లిగాడు. అక్కడ బాలమ్మగారు, ఇక్కడ బాలి. పేరు ఒకటే అయినా పిలిచే నోరు వేరు. ఆ నోటి మాటే కరణం కలంలోకి దిగింది. కలం రాసిందే రికార్డు అయింది. ఆ రికార్డే ఇవ్వాళ కంప్యూటర్‌లోకి ఎక్కింది. రాసినవాడు పోయినా రాత పోలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. పెంటయ్య, పెంటమ్మ అనే పేర్లు విని నవ్వేటోళ్లున్నారు. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే చచ్చిపోతుంటే, ఈ బిడ్డన్నా దక్కాలని పెంటకుప్ప మీద పెట్టి తెచ్చుకున్న తల్లి పెట్టిన పేరది. ఆ ఆచారం మన కులాల్లోనే కాదు, వేరే కులాల్లోనూ ఉంది. ఆ పేరు వెనక కడుపుకోత ఉంది, ఆశ ఉంది. దాన్ని తలెత్తుకుని ఉంచుకోవచ్చు. బడిలో పిల్లలు ఎగతాళి చేస్తుంటే మార్చుకోనూ వచ్చు. కానీ తల్లి ప్రేమతో పెట్టిన పేరునూ పెత్తందారు పొగరుతో అంటించిన పేరునూ ఒకే గాటన కట్టొద్దు.

మరి వాళ్ల పేర్ల సంగతేమిటి? రెడ్డి, రావు, నాయుడు, చౌదరి, శర్మ, శాస్త్రి. పేరు చివర కులాన్ని తగిలించుకున్న వాళ్లను, నీ పేరులో కులమెందుకని ఏ బోర్డూ అడగదు. తమిళనాట పెరియార్ ఆత్మగౌరవ ఉద్యమం 1929లోనే చెంగల్పట్టు మహాసభలో పేర్ల వెనక కులం తోకలు తీసేయాలని తీర్మానించింది. మన తెలుగు నేల మీద ఆ తోకలు ఇంకా ఊగుతూనే ఉన్నాయి. వాళ్ల పేరులో కులం ఉంటే హోదా, మన పేరులో కులం తెలిస్తే ఇల్లు అద్దెకు దొరకదు. 'మీ ఇంటిపేరేంటి బాబూ?' అని తియ్యగా అడిగేది ఎందుకో మనకు తెలియదా?

మన పెద్దలు ముందే కలం పట్టారు

పేరు మార్చుకోవడం మనకు కొత్తగా పుట్టిన ముచ్చట కాదు. హైదరాబాద్‌లో మాదరి భాగయ్యగా పుట్టిన మనిషి భాగ్యరెడ్డి వర్మగా నిలబడ్డాడు. 1917 నవంబర్‌లో బెజవాడలో పంచమ మహాజన సభ పేరుతో సభ పెట్టారు. ఆ సభకు ఆయనే అధ్యక్షుడు. ఎవరి లెక్కలో మేం పంచములం, మేం ఈ నేల మొదటి మనుషులం అన్నాడు. ఆ సభ ఆది ఆంధ్ర సభ అయింది. 1922లో మద్రాసు ప్రభుత్వం పంచమ అనే మాట తీసేసి ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అనే పేర్లను ఒప్పుకుంది. 1931 జనాభా లెక్కల్లో నైజాం ప్రభుత్వం ఆది హిందువులని రాసింది. ఇవ్వాళ ఎస్సీ కులాల జాబితా తీసి చూడండి. ఆది ఆంధ్ర అనే పేరు అందులో ఉంది. జనం సభ పెట్టి చెప్పిన పేరు ప్రభుత్వ ఉత్తర్వుల్లోకి, అక్కణ్ణుంచి రాజ్యాంగపు జాబితాలోకి నడిచింది. ముందు మనం చెప్పాం, ఆ తర్వాతే వాళ్లు రాశారు.

బాబాసాహెబ్ సంగతి చూడండి. ఆయన కుటుంబం అసలు ఇంటిపేరు సక్పాల్. 1900 నవంబర్ 7న సతారా బడిలో చేరినప్పుడు రిజిస్టర్‌లో ఎక్కిన ఇంటిపేరు అంబేద్కర్. ఊరి పేరు అంబడవే నుంచి వచ్చిందది. సక్పాల్ అంటే కులం వాసన తెలిసే చోట, ఊరి పేరుతో ఒక బడి పిల్లవాడు లోపలికి అడుగు పెట్టాడు. బడి రిజిస్టర్‌లో ఒక వరసకు ఎంత బలముంటుందో ఇంతకంటే చెప్పేదేముంది?

దీనికి ఎదురు దిక్కున నడిచిన ఉద్యమమూ మన దగ్గరే ఉంది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. ఏ మాట తిట్టుగా వాడారో ఆ మాటనే మనుషులు పేరు చివర రాసుకున్నారు. ఫలానా మాదిగ అని సంతకం చేశారు, గోడల మీద రాశారు. వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయం ఏదైనా ఆ సంతకాలు చేసిన పని చిన్నది కాదు. దాచుకోవాల్సిన మాటను చాటుకునే మాటగా మార్చాయి.

పేరు మార్చుకుంటే పారిపోయినట్టా?

ఇక్కడే మన సంఘాల్లో వాదన లేస్తుంది. ఒకరంటారు, 'కులం దాచుకుని బతకడం పిరికితనం. ఉన్న పేరుతోనే కొట్లాడాలి.' ఇంకొకరంటారు, 'నువ్వు సభలో చాటుకుంటావు, బానే ఉంది. హాస్టల్లో రాత్రిపూట ఎగతాళి పడేది నా బిడ్డ.' ఇద్దరి మాటలోనూ నిజముంది.

దీని మీద ఒక తీర్పు గురించి మనోళ్లందరూ తెలుసుకోవాలి. ఢిల్లీలో ఇద్దరు అన్నదమ్ములు. వాళ్ల నాన్న ఇంటిపేరు 'మోచి', అంటే చెప్పులు కుట్టే కులం పేరు. ఆ పేరు వల్ల ఎదురైన అవమానాలు పడలేక ఆయన ఇంటిపేరు మార్చుకున్నాడు. గెజెట్‌లో ప్రకటించుకున్నాడు. పిల్లలు తమ పది, పన్నెండో తరగతి సర్టిఫికెట్లలో నాన్న పేరు మార్చమని సీబీఎస్ఈ బోర్డును అడిగారు. ఇంటిపేరు మారితే కులం మారినట్టవుతుంది, దాన్ని దుర్వినియోగం చేస్తారు అని బోర్డు కాదంది. 2023 మే నెలలో ఢిల్లీ హైకోర్టు ఆ నిరాకరణను కొట్టేసింది. గుర్తింపు హక్కు జీవించే హక్కులో భాగమని, వివక్షకు గురిచేసే కులం పేరును వదిలించుకునే హక్కు ఎవరికైనా ఉందని చెప్పింది. కొత్త ఇంటిపేరును చూపి వేరే కులం రిజర్వేషన్ అడగడానికి మాత్రం వీల్లేదని కూడా చెప్పింది.

బోర్డు వాదన చూడండి! పేరు వల్ల వేధింపులు పడినోణ్ణి దుర్వినియోగం చేస్తావని అనుమానించింది. పేరు చూసి వేధించినోణ్ణి ఏ బోర్డు అనుమానించింది?

మా మాట ఇది. మాదిగ అని రాసుకునేటోడిదీ హక్కే, మోచి అని తీసేసుకునేటోడిదీ హక్కే. మొదటివాడు తిట్టును జెండా చేసుకున్నాడు. రెండోవాడు తిట్టును తన గుమ్మం బయట పారేశాడు. ఇద్దరూ చేసింది ఒకటే పని, కలం తమ చేతిలోకి తీసుకున్నారు. వీళ్లలో ఒకణ్ణి వీరుడని ఇంకొకణ్ణి పిరికివాడని ముద్ర వేసే పని ఉద్యమానిది కాదు. పేరు మార్చుకుని వాడకు మొహం చాటేసేటోళ్లు ఉన్నారు, నిజమే. వాళ్లతో మన తగువు మొహం చాటేసినందుకే గాని పేరు మార్చుకున్నందుకు కాదు.

చట్టం ఏమంటోంది?

2021 జూన్ 3న సుప్రీంకోర్టు జిగ్యా యాదవ్ కేసులో తీర్పిచ్చింది. పేరు మనిషి భావప్రకటనలో భాగమని, అది రాజ్యాంగం 19వ అధికరణం కిందికి వస్తుందని చెప్పింది. సర్టిఫికెట్లో పేరు మార్చనే మార్చమని బోర్డులు తలుపు మూసేయడం కుదరదంది. ఆ కేసు సీబీఎస్ఈది. అయినా పేరు ప్రాథమిక హక్కన్న మాట మన పదో తరగతి బోర్డులకూ వర్తించేదే.

ఆ తీర్పు పేర్ల వ్యవహారాన్ని రెండుగా విడదీసింది. ఒకటి దిద్దుబాటు, అంటే బడి రికార్డులోనో జనన సర్టిఫికెట్‌లోనో ఉన్న పేరు ఒకటైతే బోర్డు సర్టిఫికెట్లో ఇంకొకటి పడటం. దీన్ని రికార్డు చూసి సరిచేయాలి. రెండోది మార్పు, అంటే పాత పేరు వదిలి కొత్త పేరు పెట్టుకోవడం. దీనికి కోర్టు నుంచి అనుమతో డిక్లరేషనో, గెజెట్ ప్రకటన, ఈ రెండూ బోర్డు అడగొచ్చు.

పని ఎట్లా జరుగుతుందో వరసగా చెబుతాం.

దిద్దుబాటైతే మొదట జనన రిజిస్టర్ దగ్గరికి పోవాలి. 1969 జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 15వ సెక్షన్ కింద తప్పు నమోదును రిజిస్ట్రార్ సరిచేయొచ్చు. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం నుంచి ఓటరు జాబితా దాకా జనన సర్టిఫికెటే ఆధారం. వాళ్ల పేరు అక్కడ తప్పు పడితే జీవితమంతా తప్పే. బడి రికార్డు సంగతి హెడ్మాస్టర్ దగ్గర తేల్చుకోవాలి, అదీ పదో తరగతి నామినల్ రోల్స్ బోర్డుకు పోకముందే. అక్కడ ఒక రోజులో అయ్యే పని ఆ తర్వాత ఏళ్లు పడుతుంది.

మార్పైతే మొదట స్టాంపు కాగితం మీద అఫిడవిట్. పాత పేరు, కొత్త పేరు, తండ్రి పేరు, చిరునామా, ఎందుకు మార్చుకుంటున్నారో రాసి నోటరీ ముందు సంతకం చేయాలి. తర్వాత పేపర్లో ప్రకటన. ఆ తర్వాత రాష్ట్ర గెజెట్. తెలంగాణలో గెజెట్ పని హైదరాబాద్ చంచల్‌గూడలోని ప్రభుత్వ ముద్రణాలయంలో జరుగుతుంది. ఆధార్‌లో పేరు రెండుసార్లకు మించి మామూలుగా మార్చరు. కాబట్టి ఏ అక్షరం ఎట్లా ఉండాలో ముందే తేల్చుకుని మార్పించండి.

గెజెట్ వచ్చిందంటే అంతా అయిపోయిందని అనుకోవద్దు. బోర్డు ఒప్పుకోకపోవచ్చు. పాస్‌బుక్కులో ఉన్న సాయిలువి నువ్వు కాదని పక్క పొలమోడు అనొచ్చు. కోర్టు అవసరం అప్పుడొస్తుంది. 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 34వ సెక్షన్ కింద సివిల్ కోర్టులో డిక్లరేషన్ దావా వేయాలి. ఈ పేరు నాదే, ఆ పేరూ ఈ పేరూ ఒకే మనిషివి అని కోర్టు చేత చెప్పించుకోవడం. సర్కారు మీద దావా కాబట్టి ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. ఇట్లాంటి దావాకు గడువు మూడేళ్లు. దావా వేసే హక్కు మొదటిసారి పుట్టినప్పటి నుంచి లెక్క. అందుకే ఆఫీసులో నోటితో కాదంటే ఊరుకోకండి. దరఖాస్తు రాసివ్వండి, రసీదు తీసుకోండి, కాదన్న మాట కాగితం మీద రాసిమ్మని అడగండి.

వకీలుకు డబ్బులెక్కడివి అని అడుగుతారు. 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ చదవండి. ఎస్సీ, ఎస్టీ అయితే చాలు, ఆదాయంతో పని లేదు, ఉచితంగా న్యాయ సహాయం అందాలి. ఆడవాళ్లకు ఏ కులమైనా అంతే. వకీలు ఫీజు, కోర్టు ఫీజు అన్నీ అందులోకే వస్తాయి. మండల న్యాయసేవల కమిటీ ఆఫీసు కోర్టు ఆవరణలోనే ఉంటుంది. మనోళ్లు ఆ ఆఫీసు దాటుకుని పోయి గేటు బయట బ్రోకర్ చేతిలో డబ్బులు పోస్తున్నారు.

పేరు మారితే కులం సర్టిఫికెట్ పోతుందా?

వాడల్లో ఎక్కువగా వినబడే భయం ఇదే. పోదు. కులం సర్టిఫికెట్ ఇచ్చేది 1993 చట్టం కింద, పుట్టిన సామాజిక వర్గాన్ని బట్టి. పేరు మారినంత మాత్రాన పుట్టుక మారదు. పాత పేరు, కొత్త పేరు ఒకే మనిషివని చూపే గెజెట్‌నో డిక్రీనో జతచేసి కొత్త పేరుతో సర్టిఫికెట్ తీసుకోండి.

క్రైస్తవ పేర్ల దగ్గర ఈ భయం ఇంకా ఎక్కువ. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఆ అన్యాయం మీద పోరాటం వేరే ఉంది. కానీ ఆ ఉత్తర్వులో ఉన్నది మతం మాటే, పేరును బట్టి మతం తేల్చమని ఎక్కడా లేదు. జాన్ అని, మేరీ అని పేరున్నంత మాత్రాన సర్టిఫికెట్ నిరాకరించే గుమాస్తాకు ఆ అధికారం ఎవరిచ్చారు? ఈ భయంతోనే మనోళ్లెందరో ఆదివారం ఒక పేరుతో, సోమవారం ఇంకో పేరుతో బతుకుతున్నారు. నిరాకరిస్తే కాగితం మీద కారణం అడగండి. 1993 చట్టంలో అప్పీలుకు దారి ఉంది.

తీర్పులోనూ ఒక ముల్లుంది

సుప్రీంకోర్టు తీర్పును మెచ్చుకుంటూనే ఒక మాట అడగాలి. కొత్త సర్టిఫికెట్ ఇచ్చినా పాత పేరు కూడా దాని మీద ఉంచొచ్చని ఆ తీర్పు బోర్డుకు వీలిచ్చింది. పెళ్లయి ఇంటిపేరు మారినోళ్లకు దానితో బాధ లేదు. తిట్టుగా వాడిన కులం పేరు వదిలించుకుందామని కోర్టుకెక్కినోడి సంగతి? కొత్త పేరు పక్కనే పాత తిట్టును అచ్చేసి చేతికిస్తే, ఇంటర్వ్యూలో బల్లకు అవతల కూర్చున్నోడు మొదట చదివేది దాన్నే. పాతది మరుగున పడేసుకునే హక్కు కింద మార్చుకున్న పేర్లకు అదే తీర్పు మినహాయింపు ఇచ్చింది. అవమానం మోసే కులం పేర్లను ఆ మినహాయింపులోనే చూడాలని మేం అడుగుతున్నాం. ఈ వాదన మన వకీళ్లు కోర్టుల్లో ఎత్తాలి.

పేరు మారిస్తే కులం పోతుందని మేం భ్రమ పెట్టడం లేదు. నలుగురి ముందు కులం పేరుతో తిట్టేటోడు కొత్త పేరు పెట్టుకున్నా తిడతాడు. దానికి 2015లో సవరించిన అట్రాసిటీ చట్టంలో 3(1)(ఎస్) సెక్షన్ ఉంది, దాన్ని వాడాలి. పేరు మార్పు ఒక్కటే విముక్తి కాదు. అయితే పిల్లగాడు హాజరు పలికేటప్పుడు తల దించకుండా పలకాలంటే అది కావాలి. ముసలవ్వ పింఛను ఆగకుండా ఉండాలంటే కావాలి. తండ్రి సాగు చేసిన రెండెకరాలు కొడుకు చేతికి రావాలంటే కావాలి.

ఇప్పుడు చేయాల్సింది

సంఘాల బాధ్యులకు మా విన్నపం. ఏప్రిల్ 14న విగ్రహానికి దండ వేస్తాం, మంచిదే. ఈసారి దానితోపాటు ఒక పని చేద్దాం. వాడలో ప్రతి ఇంటి కాగితాలు బయటికి తీయించి, చదువుకున్న పిల్లల్ని కూర్చోబెట్టి, ఏ పేరు ఎక్కడ ఎట్లా ఉందో ఒక నోటుబుక్కులో రాయించండి. పదో తరగతి పిల్లల నామినల్ రోల్స్ పోకముందే బడికి పోయి, పిల్లల తల్లిదండ్రుల ముందు పేర్లు చదివించండి. తప్పులున్నోళ్లను గుంపుగా న్యాయసేవల కమిటీకి తీసుకుపొండి. ఒక్కడు పోతే రేపు రమ్మంటారు, యాభైమంది పోతే కుర్చీలు వేస్తారు.

సర్కారును మనం అడగాల్సినవి ఇవి:

1. ఆఫీసు రాసిన తప్పును ఆఫీసే సొంత ఖర్చుతో దిద్దాలి. ఆ భారం కూలి మానుకుని తిరిగే మనిషి మీద వేయొద్దు.

2. కులం తిట్టుగా వాడే పేరు మార్చమని ఎస్సీ, ఎస్టీ విద్యార్థి అఫిడవిట్ ఇస్తే, దావా వేసిరమ్మనకుండా బోర్డు మార్చాలి.

3. అట్లా మార్చిన సర్టిఫికెట్ మీద పాత పేరు అచ్చేయొద్దు.

4. పేరు చూసి మతం తేల్చి కులం సర్టిఫికెట్ ఆపే గుమాస్తా మీద చర్య తీసుకోవాలి.

కోర్టు మనకు పేరు పెట్టదు. మనం పెట్టుకున్న పేరును సర్కారు రాసుకోక తప్పదని చెప్పడమే దాని పని. 1917లో బెజవాడలో మన పెద్దలు ఏ కోర్టు అనుమతీ అడగలేదు. ముందు పేరు చెప్పారు, ఐదేళ్లకు సర్కారు రాసుకుంది. ఇవ్వాళ మనకు రాజ్యాంగం ఉంది, తీర్పులున్నాయి, ఉచిత వకీలు ఉన్నాడు. కదలాల్సింది మనమే. ఇంటికిపోయి పిల్లల సర్టిఫికెట్లు తీసి చదవండి. అక్కడున్న పేరు మీరు పిలుచుకునే పేరేనా?

జై భీమ్!